ఉద్దానంలో ఆ పిల్లలు చేసింది ఒట్టి ర్యాలీ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, మా ఉద్దానం ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ వ్యాధిపై విద్యార్థుల అవగాహన ర్యాలీ అని ఒక వార్త వేశారు. ఫొటోలో బ్యానరు పట్టుకున్న పెద్దల ముఖాలే కనిపించాయి. కింద రాసిందంతా ఎవరెవరు పాల్గొన్నారో చెప్పడానికే సరిపోయింది. వారం పాటు మా ఊరి బడిలో పడుకుని ఇంటింటికీ తిరిగిన డిగ్రీ కాలేజీ పిల్లలు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక రాస్తున్నాను.

ఆ ర్యాలీ వాళ్ల జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) క్యాంపు చివరి రోజు సంగతి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారని పిల్లల్ని ఎండలో నిలబెట్టేశారు. తాగడానికి నీళ్లు పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. మా వీధి ఆడవాళ్లే బిందెలతో తెచ్చి పోశారు.

అసలు పని అంతకుముందే మా అరుగుల మీద జరిగింది. జీడితోటల నుంచి జనం ఇళ్లకు చేరే వేళకి ఇద్దరిద్దరుగా వచ్చి కూర్చునేవారు. "తాతా, నడుం నొప్పికి ఏం బిళ్ల వేసుకుంటున్నావు? ఓసారి అట్ట చూపించు" అని అడిగేవారు. కొబ్బరి దింపులు, బరువుల మోతలు ఉన్న చోట నొప్పుల బిళ్లలు లేని ఇల్లు ఉంటుందా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టరు చెప్పకుండా రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయని, అట్ట మీద పేరు చదివి మరీ చెప్పారు. ఈ జబ్బు బాగా ముదిరేదాకా నొప్పీ మంటా ఉండకపోవచ్చు, ఒళ్లు బాగానే ఉంది కదా అని కూర్చోవద్దు, బీపీ, షుగరు, మూత్రంలో ప్రొటీను, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే రక్తంలోని క్రియాటినిన్ చూపించుకోండి అన్నారు. "మరి ఈ రోగం మన ఉద్దానానికే ఎందుకొచ్చిందమ్మా?" అని ఒక పెద్దావిడ నిలదీస్తే, "కారణం ఇదీ అని ఇంకా తేలలేదు మామ్మా" అని ఉన్నమాట చెప్పారు. ఇన్నేళ్లుగా మైకుల ముందు ఒకరు నీళ్లన్నారు, ఇంకొకరు పురుగుమందులన్నారు, ప్రతివారూ తమకే తెలిసినట్టు మాట్లాడి కారెక్కి వెళ్లిపోయారు.

ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మా వైపు సంబంధం అంటే బయటి ఊళ్లవాళ్లు వెనకాడతారు. ఆ భయంతో క్రియాటినిన్ రిపోర్టు వచ్చినా పెట్టెలో దాచేసుకునే ఇళ్లున్నాయి. సర్వేకి వచ్చిన సిబ్బందికి మాకేం లేదని చెప్పినవాళ్లే, ఈ ఆడపిల్లలు పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగితే కాగితాలు తీసి చూపించారు. ఆ పిల్లల్లో చాలామంది సోంపేట, కంచిలి, మందస వైపువాళ్లే. ఇంట్లో డయాలసిస్ చూసినవాళ్లూ ఉన్నారు. అందుకే వాళ్ల మాట మావాళ్లకు తగిలింది.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. వీటిని కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ మనిషిని డయాలసిస్ మంచం దాకా పోనివ్వకుండా ముందే ఆపే మాట ఇంటికొచ్చి ఎవరు చెప్తున్నారు? గోడకి ఒక పోస్టరు అంటించి అవగాహన కల్పించామని రాసుకుంటే సరిపోతుందా?

జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి ఏడాది, 1969లో పెట్టారు. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలని నియమం. ఆ గంటలు చాలా చోట్ల దారి పక్క సున్నం వెయ్యడానికి, పెద్దలొస్తే కుర్చీలు సర్దడానికి, చేతిలో ప్లకార్డు పట్టుకుని ఫొటో దిగడానికి ఖర్చయిపోతున్నాయి. చదువుకునే పిల్లలంటే సభలకి జనం సరఫరా అనుకునే అలవాటు అధికారులకి ఎప్పుడు పోతుంది? మా ఊళ్లో వీళ్లకి ఫారాల జిరాక్సుకి కూడా డబ్బులివ్వలేదు. తలా కొంచెం వేసుకున్నారు.

ఆ ఫారాల్లో, ఇంటివాళ్ల అనుమతితో, పరీక్షలు వెంటనే చెయ్యాల్సిన వాళ్ల వివరాలు రాశారు. చివరి రోజు స్టేజీ మీద వాటిని ఒక అధికారి చేతికిచ్చారు, ఫొటో కూడా తీశారు. ఆ తర్వాత వాటి సంగతి అడిగితే పై ఆఫీసుకి పంపామని ఒకరు, మాకు అందలేదని ఇంకొకరు అంటున్నారు. రక్తం తీసుకోవడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. పిల్లల మాట నమ్మి బిళ్లలు మానేసినవాళ్లు, ఇప్పుడు నొప్పికి ఏం వాడాలో చెప్పే డాక్టరు కోసం చూస్తున్నారు.

మేం కోరేది పెద్ద ఖర్చు కాదు. అదే కాలేజీ పిల్లల్ని నెలకోసారైనా అవే ఇళ్లకు పంపండి, వెంట ఒక ఏఎన్ఎం (ఊరి నర్సు), ఒక బీపీ మిషను ఉండాలి. ఆ ఫారాలు ఎవరి దగ్గరున్నాయో, పరీక్షలు ఏ తేదీన చేస్తారో సంబంధిత అధికారిని అడిగి మీ పేపర్లోనే వెయ్యండి.

ఇట్లు
ఒక పాఠకుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా