శ్రీనుగాడికి, స్టిక్కీ వికెట్ గురించి

ఒరేయ్ శ్రీనూ,

జవాబు రాయడం ఇరవై రోజులు ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడ అందరూ క్షేమం, అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. మిగతా కబుర్లు తర్వాత. నీ ఉత్తరంలో ‘ఆన్ ఎ స్టిక్కీ వికెట్’ అన్న ఇంగ్లిష్ నానుడిని, క్రికెట్ నుంచి వచ్చినదాన్ని, ‘పని ఇరుక్కుపోయింది’ అని తెలుగు చేశావు చూడు, అది చదివినప్పట్నుంచీ మనసు ఊరుకోవడం లేదు.

ఇరుక్కోవడం కాదురా! అక్కడ వికెట్ అంటే మూడు కర్రలు కాదు, పిచ్. ‘వికెట్ స్పిన్‌కు సహకరిస్తోంది’ అంటారే, ఆ వికెట్. పాతరోజుల్లో ఆట మధ్యలో వానొస్తే పిచ్‌కు పట్టా కప్పేవాళ్లు కాదు, 22 గజాలూ నానిపోయేది. బాగా తడిగా ఉన్నంతసేపూ పెద్ద భయం లేదు, బంతి జారుకుంటూ మెల్లగా వస్తుంది. గండమంతా ఎండ కాశాకే. వానకు తడిసిన మీ రేగడి చేను మర్నాడు ఎలా ఉంటుంది? పైన పొర బిగుస్తుంది, కింద మెత్తటి బురద. బంతి ఆ పొరను కరుచుకుని ఒకటి గొంతు మీదికి లేస్తుంది, అదే చోట పడ్డ ఇంకోటి చీలమండ దగ్గరే ఉండిపోతుంది. పూర్తిగా ఆరితే మళ్లీ మామూలే.

1937 జనవరి, మెల్బోర్న్ టెస్టు. అలాంటి పిచ్ మీద ఇంగ్లండ్ 76కు 9 వికెట్లు పోగానే డిక్లేర్ చేసింది, అంటే తన ఇన్నింగ్స్ తనే ముగించింది, ఆస్ట్రేలియాను కూడా అందులోకే దించాలని. ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్ ఏం చేశాడు? ఓరైలీ, ఫ్లీట్‌వుడ్-స్మిత్‌లను, అంటే తోక బ్యాట్స్‌మన్లను, ఓపెనర్లుగా పంపాడు! పిచ్ ఆరేదాకా కాలయాపన. తను ఏడో స్థానంలో వచ్చి 270 కొట్టాడు. అబ్బ, ఎంత బుర్ర!

అందుకే ఆ మాటలో ‘తన చేతిలో లేని ఇబ్బంది, ఒళ్లు దగ్గర పెట్టుకుని నెట్టుకురావాలి’ అన్న ధ్వని ఉంది. ఇబ్బందిలో పడ్డ మనిషి గురించి అంటారు, ఆగిపోయిన ఫైలు గురించి కాదు. ముందు ‘ఆన్’ రావాలి, ‘ఇన్’ కాదు. బ్రిటిష్ వాళ్ల వాడుక ఇది, అమెరికాలో తక్కువ.

తెలుగులో ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ పొసగదు, అందులో దారే లేదు. ‘అడకత్తెరలో పోకచెక్క’ రెండువైపుల ఒత్తిడి. ‘కత్తి మీద సాము’ దగ్గరగా ఉంది, నేర్పు కావాలన్న అర్థం అందులో ఉంది కాబట్టి. ‘కాసేపట్లో ఆరుతుంది’ అన్న ఆశ మాత్రం దాంట్లో లేదు, ఏం చేద్దాం?

ఇంక ‘బౌల్డ్ ఓవర్’ అన్నావు, అది కూడా నువ్వు... ఉండు, పోస్టు డబ్బా తీసే మనిషి వచ్చేశాడు. ఆపుతున్నా.

నీ,
రఘు