నానమ్మ ఫోన్ సౌండ్ గురించి పావనికి

చి. పావనికి నాన్న ఆశీస్సులు.

"నానమ్మకి నా మాట వినిపించట్లేదు నాన్నా, ఏదైనా వాల్యూమ్ బూస్టర్ యాప్ వెయ్యి. లేదంటే పెద్ద సౌండ్ వచ్చే ఫోన్ ఆర్డర్ పెట్టేస్తా" అన్నావు కదా. ఆ రెండూ ఇప్పుడే వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో ఫోన్‌లో చెప్పబోతే నీకు మీటింగ్, నాకు సగం మాట మింగెయ్యడం. అందుకే కూర్చుని రాస్తున్నాను. వీలు చూసుకుని చివరిదాకా చదువు.

నువ్వు చెప్పినప్పటి నుంచీ నానమ్మ ఫోన్‌ని గమనిస్తూనే ఉన్నాను. ఆవిడ పొద్దున్నే పక్క బటన్ నొక్కి నొక్కి సౌండ్ నిండా పెట్టుకుంటుంది. "అంతా పెట్టాన్రా, అయినా పిల్ల మాట వినపడదు" అంటుంది. ఆవిడ పెంచేది ప్రవచనాల సౌండ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాల్యూమ్ ఒకటి కాదు. పాటలకీ వీడియోలకీ ఒకటి, కాల్‌కి ఒకటి, రింగుకి ఒకటి, అలారానికి ఇంకొకటి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, ఊరికే బటన్ నొక్కితే పెరిగేది వీడియోల సౌండే. కాల్ సౌండ్ పెరగాలంటే కాల్ నడుస్తుండగా నొక్కాలి. వాట్సాప్ కాల్‌కీ అంతే. మొన్న నువ్వు చేసినప్పుడు, నీ మాట మధ్యలోనే ఆవిడ చేత బటన్ నొక్కించాను. కాల్ గీత సగం కూడా లేదు! నిండా పెట్టించాక "ఇప్పుడు బాగుందిరా" అంది. నీకు తేడా తెలిసే ఉంటుంది, ఆ రోజు "ఆఁ? ఏంటీ?" అని అడగడం తగ్గింది.

ఇంకోటి, ఫోన్‌ని ఆవిడ చెవి మీద కాకుండా బుగ్గ మీద పెట్టుకుంటుంది. మాట వచ్చేది పైనున్న సన్నటి చీలికలోంచి. అది చెవి రంధ్రానికి ఎదురుగా లేకపోతే వాల్యూమ్ ఎంతున్నా దండగే. షాపులో వేసిన టెంపర్డ్ గ్లాస్ కూడా కాస్త పైకి జరిగి ఆ చీలికని సగం మూసేసింది. తీయించి కొత్తది సరిగ్గా వేయించాను.

నువ్వు పంపే వాయిస్ మెసేజ్‌లు గుసగుసలాడినట్టు వస్తున్నాయని కూడా అనేది. అక్కడ తప్పు నీ గొంతుది కాదు. ఫోన్ చెవి దగ్గరికి వచ్చిందో లేదో కనిపెట్టే సెన్సార్ పైభాగంలో ఉంటుంది. ఆవిడ వేలు దానికి అడ్డం పడగానే వాట్సాప్ ఆ సౌండ్‌ని కింది స్పీకర్ నుంచి చెవి స్పీకర్‌కి మార్చేస్తుంది. ఫోన్‌ని బల్ల మీద పెట్టి వినమన్నాను. వింటోంది.

ఇక కింది స్పీకర్. నానమ్మ ఫోన్‌ని రొంటిన దోపుకుంటుందని నీకు తెలుసు. దేవుడి దగ్గర కూర్చుని వత్తులు చేసేటప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఆ దూది నూగు, పసుపు, కుంకుమ, చెమట కలిసి స్పీకర్ జాలీలో గట్టిపడిపోయాయి. టార్చి వేసి చూస్తే సగం రంధ్రాలు కనబడలేదు. ఫోన్ ఆపేసి, జాలీ నేలవైపు ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి టూత్‌బ్రష్‌తో అడ్డంగా, నెమ్మదిగా రాశాను. నోటితో ఊదకూడదు, తడి లోపలికి పోతుంది. పిన్నీసు అసలే వద్దు. ఆ పక్కన ఒంటరిగా ఉండే చిన్న గుండ్రటి చిల్లు మైక్. దాంట్లో పిన్నీసు గుచ్చితే మన మాట అవతలివాళ్లకి వినపడదు. నీ ఫోన్‌కి కూడా నెలకోసారి ఇలా చెయ్యి. హ్యాండ్‌బ్యాగులో పడేస్తావు, దాని నిండా నూగే.

సెట్టింగ్స్‌లో కూడా కొన్ని చూశాను. నువ్వు పంపింది శాంసంగ్ కాబట్టి సౌండ్స్ అండ్ వైబ్రేషన్‌లో వాల్యూమ్‌కి వెళ్లి, మూడు చుక్కలు నొక్కితే మీడియా వాల్యూమ్ లిమిట్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే బటన్ ఎంత నొక్కినా ఆ హద్దు దాటదు. మనది ఆఫ్‌లోనే ఉంది. యాక్సెసిబిలిటీలో (చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం ఉండే సెట్టింగ్స్) ఎడమ కుడి సౌండ్ సర్దే గీత ఉంటుంది, అది ఒక పక్కకి జరిగి ఉంటే మధ్యకి తేవాలి. బ్లూటూత్ ఆఫ్ చేశాను, లేకపోతే సౌండ్ హాల్లో ఉన్న స్పీకర్‌కి వెళ్లిపోతోంది.

ఇప్పుడు బూస్టర్ యాప్ సంగతి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

శ్రీరామనవమి పందిళ్లకీ పెళ్లిళ్లకీ మైక్ సెట్ కట్టినంత కాలం నేను కుర్రాళ్లకి మొదట నేర్పింది ఒకటే: సౌండ్ పగిలితే వెంటనే తగ్గించు. యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగితే శబ్ద తరంగం పైభాగం, కిందిభాగం తెగిపోయి చదునుగా అవుతాయి. అదే మనకి గరగరమని వినిపిస్తుంది. వినడానికి బాగుండకపోవడమే కాదు, ఆ తెగిన తరంగం హారన్ యూనిట్‌లోని కాయిల్‌ని ఎక్కువ వేడెక్కిస్తుంది. కాయిల్ కాలిపోతే పందిరి మధ్యలో పాట ఆగిపోవడమే. ఫోన్ స్పీకర్‌లో కూడా అలాంటి కాయిలే, దానికో పలచటి పొర, అంతే. కాకపోతే అది గోరంత. ఒక వాట్ అటూ ఇటూ తట్టుకుంటుంది.

బూస్టర్ యాప్ ఫోన్‌లో కొత్త యాంప్లిఫయర్‌ని తెచ్చి పెట్టదు. ఆండ్రాయిడ్ 4.4 నుంచే ఫోన్‌లో శబ్దాన్ని గట్టిచేసే ఒక సదుపాయం ఉంది, చాలా యాప్‌లు దాన్నే పిలిచి పనిచేయిస్తాయి. చిన్నగా రికార్డయిన వీడియో అయితే కొంత ఉపయోగం ఉంటుంది. కానీ ముందే గట్టిగా రికార్డు చేసిన దాన్ని ఇంకా పెంచడమంటే నిండిన బిందెలో నీళ్లు పోయడమే, పైది తెగి పగిలిన సౌండ్ వస్తుంది. పైగా మన చెవి లెక్క వేరు. రెట్టింపు గట్టిగా ఉందని అనిపించాలంటే స్పీకర్‌కి సుమారు పది రెట్లు పవర్ ఇవ్వాలి, డెసిబెల్స్‌లో చెప్తే 10 పెరగాలి. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, "కాస్త పెరిగిందేమో" అనిపిస్తుంది, అంతే. గోరంత స్పీకర్‌కి పది రెట్లు ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పటి చాలా ఫోన్లలో కాయిల్ ఎంత వేడెక్కుతోందో, పొర ఎంత ఊగుతోందో లెక్కగట్టి హద్దులో ఉంచే చిప్ ఉంటుంది. వీడియోల్లో కొందరు రహస్య నంబర్ డయల్ చేసి ఇంజినీరింగ్ మోడ్‌లో అంకెలు మార్చమంటారు. కంపెనీవాళ్లు స్పీకర్‌ని కొలిచి పెట్టిన అంకెలవి, వాటి జోలికి పోవద్దు.

నాకు అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. సౌండ్ పెంచే యాప్‌కి నీ కాంటాక్ట్స్ ఎందుకు, మెసేజ్‌లు ఎందుకు? కొన్ని యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. అది ఇస్తే స్క్రీన్ మీద ఏముందో యాప్ చదవగలదు. నానమ్మ పెన్షన్ పడే బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. ఆవిడ ఏది అడిగినా "అలౌ" నొక్కేస్తుంది. అందుకే ఆ ఫోన్‌లో కొత్త యాప్ నన్ను అడగకుండా వెయ్యనివ్వను.

అసలు సంగతికి వస్తాను. నానమ్మ నాతో ఒకే నిమిషంలో రెండు మాటలు అంటుంది. "వినపడట్లేదు, గట్టిగా చెప్పు" అంటుంది. గట్టిగా చెప్తే "ఎందుకలా అరుస్తావు, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంటుంది. నువ్వు కూడా చిన్నబుచ్చుకున్నావు ఒకసారి. ఆవిడ విసుక్కోవడం కాదమ్మా అది. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల అలాగే ఉంటుంది. మెల్లటి శబ్దాలు వినపడవు, కానీ గట్టివి మనకి ఎంత గట్టిగా ఉంటాయో అంతే గట్టిగా తగులుతాయి. వినపడడానికీ బాధ పెట్టడానికీ మధ్య ఉండే చోటు ఇరుకైపోతుంది. ఆ ఇరుకులో వాల్యూమ్ ఒక్కటే పెంచుకుంటూ పోతే రెండో గోడకి వెళ్లి తగులుతాం.

అదీకాక ముందు పోయేది సన్నటి శబ్దాలు. మాటలో అచ్చులు లావు, హల్లులు సన్నం. స, శ, ష, త, క లాంటివి ఆవిడకి జారిపోతాయి. "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అని అనేది అందుకే. పాత పద్ధతి ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్‌జ్ దాకానే మోసుకొస్తుంది (శబ్దం ఎంత సన్నమో చెప్పే లెక్క ఇది, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నం). స శబ్దంలో బలమంతా దానికి పైనే ఉంటుంది. మెయిల్ ఐడీ చెప్పేటప్పుడు మనం "ఎస్ ఫర్ సత్యం" అనాల్సి వచ్చేది ఇందుకే. మంచి చెవికే అంత కష్టమైతే ఆవిడ సంగతి చూడు. 4జీ నెట్‌వర్క్ మీద నడిచే వోల్టీఈ (VoLTE) కాల్‌లో ఇది 7000 హెర్ట్‌జ్ దాకా పోతుంది, కాల్ స్క్రీన్ మీద హెచ్‌డీ అని కనబడుతుంది. నానమ్మ సిమ్‌కి వోల్టీఈ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాను. నీ ఫోన్‌లో కూడా చూడు, రెండు వైపులా ఉంటేనే ఉపయోగం.

ప్రవచనాలకి, లావు సన్నం శబ్దాలని విడివిడిగా సర్దే ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి, 2000 నుంచి 4000 హెర్ట్‌జ్ ప్రాంతం పెంచాను. ఫోన్ సౌండ్ సెట్టింగ్స్‌లోనే ఉండే డాల్బీ అట్మాస్‌లో వాయిస్ అని పెట్టాను. అదే ఫోన్‌లో అడాప్ట్ సౌండ్ అని ఉంది, వయసు 30 లోపా, 30 నుంచి 60 మధ్యా, 60 దాటిందా అని అడిగి దానికి తగ్గట్టు సౌండ్ మారుస్తుంది. మూడోది పెట్టాను. ఫోన్‌ని గోడ మూలన బల్ల మీద, స్పీకర్ గోడవైపు ఉండేలా నిలబెట్టాను. స్టీలు గ్లాసులో పెట్టమని చెప్తుంటారు కానీ మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, నాకు నచ్చలేదు. ఇప్పుడు ఆవిడ వాల్యూమ్ పాతదానికంటే తగ్గించుకుని వింటోంది. ఇందులో నాకు బాగా సంతోషం కలిగించింది ఇదే.

నీ వైపు నుంచి చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. నానమ్మకి స్పీకర్ ఫోన్‌లో మాట్లాడకు, గది మోతంతా కలిసి వెళ్తుంది. మిక్సీ ఆపు. గట్టిగా అరవకు, నెమ్మదిగా చెప్పు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగు. మీ ఆయనా నువ్వూ ఒకేసారి మాట్లాడకండి. వీడియో కాల్ అయితే వెలుతురు నీ మొహం మీద పడేలా కూర్చో. పెదవులు కనబడితే ఆవిడ సగం మాట అక్కడే పట్టేస్తుంది. నేను పక్కనుండి చూశాను.

నీ చెవుల గురించి కూడా చెప్పాలి. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, బయటి మోత వినపడకూడదని నిండా పెంచుతావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. పది పెరిగితే గంటలు పదో వంతుకి పడిపోతాయి. హారన్ల కింద నిలబడి పని చేసిన నా తోటివాళ్లు చాలామందికి ఇప్పుడు నానమ్మ వయసు రాకుండానే మాట అందట్లేదు. పోయిన వినికిడి తిరిగి రాదమ్మా. బయటి మోత ఆపే ఇయర్‌ఫోన్ కొనుక్కుని సౌండ్ తగ్గించుకో.

గురువారం నానమ్మని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. గులిమి అడ్డం ఉందేమో ముందు చూడమంటాను. కొందరికి అది తీస్తేనే సగం బాగుంటుంది. తర్వాత ఆడియోగ్రామ్ తీయిస్తాను, ఏ చెవికి ఏ శబ్దం ఎంత తగ్గిందో దాంట్లో తెలుస్తుంది. చెవి మిషన్ పెట్టమంటే పెట్టిద్దాం. మనం కొనగలం. పక్కింటి మామ్మగారికి కూడా ఇదే బాధ, వాళ్లకి రేషన్ కార్డు ఉంది. 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకి చెవి మిషన్లు ఉచితంగా ఇస్తారు. క్యాంపు ఎప్పుడు పెడతారో కనుక్కుని ఆవిడని కూడా తీసుకెళ్తాను.

ఫోన్ ఇప్పుడే కొనొద్దన్నది ఇందుకే. ఆండ్రాయిడ్ 10 నుంచి చెవి మిషన్‌కి బ్లూటూత్‌లో నేరుగా కాల్ పంపే ఏర్పాటు వచ్చింది. అలా అయితే నీ మాట స్పీకర్‌తో పని లేకుండా, ఆవిడ చెవికి తగ్గట్టు సర్ది లోపలికే వెళ్తుంది. కానీ అన్ని ఫోన్లకీ అన్ని మిషన్లకీ పొత్తు కుదరదు. కాబట్టి ముందు మిషన్ ఏదో తేల్చుకుని, దానికి కుదిరే ఫోన్ తర్వాత చూద్దాం. నువ్వు దాచిన డబ్బు అలాగే ఉంచు. గురువారం సాయంత్రం రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను, చూసి ఫోన్ చెయ్యి.

అల్లుడిగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నాన్న