‘కాని’ వదిలేయకు

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి వాసంతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాలుగు రోజులుగా వాన వదలడం లేదు. కపిలతీర్థంలో జలపాతం చూడాలని మీ అమ్మ పట్టుబడితే నిన్న వెళ్లి వచ్చాం. పెరట్లో సపోటా కొమ్మ విరిగింది. బుజ్జిగాడికి జ్వరం తగ్గింది.

సుధ పిన్ని వచ్చి వెళ్లింది. నువ్వు రాసిన సారాంశాన్ని మీ గైడు మూడుసార్లు తిప్పి పంపారట, నువ్వు చదువు మానేస్తానన్నావట. ఆమెకు ఎవరు చెప్పారో సరిగా చెప్పలేదు. అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సారాంశం గురించి నాకు తెలిసింది చెబుదామని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు నేను ఆఫీసులో చేసిన పని అదే కదా, దస్త్రం చదివి పై అధికారికి నోటు పెట్టడం.

రామాయణాన్ని ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని మూడు ముక్కల్లో చెప్పేస్తారు. కథ తెలిసినవాళ్లకు అది చాలు. తెలియనివాళ్లకు ఎవరు కట్టారో, ఎవరిని కొట్టారో, ఎవరిని తెచ్చారో ఎలా తెలుస్తుంది? నాకు నారదుడి పద్ధతి ఇష్టం. 24,000 శ్లోకాల కథను ఆయన బాలకాండ మొదటి సర్గలో 100 శ్లోకాల్లో చెప్పాడు. లోకంలో గుణవంతుడెవరని వాల్మీకి అడిగిన ప్రశ్న పట్టుకుని కథలోకి వెళ్లాడు. నువ్వు కుదిస్తున్న అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబో నీ సారాంశం మొదటి వాక్యంలో ఉందా? ముందు అది చూసుకో.

నేను చిత్తూరులో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పలమనేరు వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ తన పొలానికి బాట కావాలని అర్జీ పెట్టుకుంది. విచారణ నివేదిక 11 పేజీలు. దాన్ని అర పేజీకి కుదించి, నా పనితనానికి నేనే మురిసిపోయాను. ‘పొలానికి బాట ఉన్నట్లు నివేదిక’ అని రాశాను. అర్జీ మూసేశారు. నెల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది, మోకాళ్ల దాకా తడిసిన చీరతో. వరండాలో కూర్చుని, “బాట ఉందని రాసింది ఎవరు నాయనా?” అని అడిగింది. సూపరింటెండెంటు గారు అసలు నివేదిక తెప్పించి నా ఎదుటే పైకి చదివారు. ‘బాట ఉన్నది, కాని వంక పారినన్నాళ్లు దాటుటకు వీలులేదు.’ ఆ నెలలో ఆమె వేరుశనగ కాయలు పొలంలోనే మొలకెత్తిపోయాయి. అర్జీ మళ్లీ తెరిచారు, బాట కూడా వచ్చింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

అందుకే చెబుతున్నాను. ఉదాహరణలు తీసెయ్యి, రెండుసార్లు చెప్పింది ఒకసారి చెప్పు. ‘కాని’, ‘అయితే’, ‘తప్ప’ అనే మాటలు మాత్రం తీసెయ్యకు. మొదటిసారి పెన్ను పట్టకుండా చదువు. తర్వాత పుస్తకం మూసి, నీ గదిలో ఉండే అమ్మాయికి నోటితో చెప్పు. ఆమె ఎక్కడ ‘అంటే?’ అని అడుగుతుందో అక్కడ నీకే ఇంకా అర్థం కాలేదన్నమాట. రచయిత వాక్యాలు కత్తిరించి అతికించకు. నీ అభిప్రాయాన్ని ఆయన నోట పలికించకు. బడిలో మూడో వంతుకు తగ్గించమనేవారు, ఆ లెక్క ఇక్కడ పట్టుకోకు. మీ గైడు ఎన్ని మాటల్లో రాయమన్నారో అన్నిటిలోనే రాయి. ఇంత చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

సుధ పిన్ని తెచ్చిన కబురూ అలాంటిదేనేమో తల్లీ. నువ్వన్న మాటలో ఒక ‘కాని’ ఉండే ఉంటుంది, చేతులు మారేటప్పుడు జారిపోయి ఉంటుంది. మూడు వారాలుగా నువ్వు ‘బాగున్నాను’ అని మాత్రమే పంపుతున్నావు. అమ్మ రోజూ ఫోను తీసి ఆ ఒక్క మాటే చూసుకుంటోంది.

రాగిపిండి, వేరుశనగ పొడి మంగళవారం బస్సులో వేస్తాను. పొడి డబ్బాలో తడి చెంచా పెట్టకు. రాత్రి పెరుగన్నం మానకు. గైడు తిప్పి పంపిన మూడు ప్రతులూ, ఎర్ర గీతలతో సహా, నాకు పంపు. మొన్ననే కళ్లజోడు మార్చాను, చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి.

ఇట్లు,
నాన్న