మనం కూర్చుని మాట్లాడుకునే గదికి కప్పు కావాలి

సంఘస్థులందరికీ, ఊరు వదిలి వెళ్ళినా మన చర్చిని మర్చిపోని వాళ్ళకీ వందనాలు.

చర్చి వెనక ఉన్న పాత సండే స్కూల్ గది గురించి రాస్తున్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి దాని రేకులు లేచిపోతే అప్పట్లో ఏరుకొచ్చి మళ్ళీ బిగించాం, ఇప్పుడు ఉప్పుగాలికి బోల్టులన్నీ తుప్పు పట్టి, వాన పడితే మూడు చోట్ల బకెట్లు పెట్టాల్సి వస్తోంది. ఇక అతుకులు చాలు, స్లాబ్ వేసేద్దామని కమిటీ తీర్మానించింది.

విశాఖ వన్ టౌన్‌లో మన వీధుల హిందువులు, ముస్లింలు, మనవాళ్ళు నెలకోసారి కలిసి కూర్చునేది ఈ గదిలోనే. దసరా తర్వాత జరిగిన కూటంలో ఎదురింటి టీచరమ్మగారు సూటిగా అడిగేశారు: "మీ పిల్లలు మా ఇంట్లో అన్నీ తింటారు, ప్రసాదం పెడితే మాత్రం చెయ్యి వెనక్కి తీసేసుకుంటారు, నాకు మనసు చివుక్కుమంటుందండీ." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సంఘ పెద్ద ఒకాయన బైబిల్లోని కొరింథీయుల పత్రిక తెరిచి, విగ్రహాలకు అర్పించిన వాటి గురించి పౌలు రాసింది మనం ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటామో, ఎదుటివాడి మనస్సాక్షి నొప్పించకూడదని అక్కడే ఎంతగా చెప్పాడో ఓపిగ్గా వివరించారు. ఆవిడ ఒప్పుకోలేదు. "అయితే అసహ్యంతో కాదన్నమాట" అని మాత్రం అన్నారు, వెళ్ళేటప్పుడు మన పిల్లల తల నిమిరి వెళ్ళారు. ఆ ప్రశ్న ఆవిడ మనసులో ఎన్నేళ్ళుగా ఉందో! పక్కపక్క ఇళ్ళలో ఉంటూ అన్నాళ్ళూ మనం అడగనూ లేదు, చెప్పనూ లేదు.

ఇంకోసారి దర్గా కొండ వైపు నుంచి వచ్చే టైలర్ అన్న, దేవుడు ఒక్కడే అంటూనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటారేమిటని అడిగితే మన యూత్‌లో ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆ తర్వాతే బైబిల్ స్టడీకి నోట్‌బుక్కులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. విశ్వాసం పలచబడిపోతుందేమోనని టెన్షన్ పడుతున్న పెద్దలు ఈ సంగతి గమనించాలి. ఇది మతం మార్చే ఎత్తేమో అని అనుమానించే వాళ్ళకి కూడా చెబుతున్నాం: ఆ గదిలో కరపత్రాలు పంచం, ఎవరినీ ప్రార్థనకి బలవంతపెట్టం. యేసు ప్రభువు గురించి అడిగితే మాత్రం దాచం. అడిగినవాళ్ళకి "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమని పేతురు రాశాడు కదా. ప్రభువు కూడా, యూదులు దూరం పెట్టే సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది దాహానికి నీళ్ళడిగే.

1965లో కాథలిక్కులు వాటికన్ సభలో ఇతర మతాలతో సంబంధాల గురించి ప్రత్యేకంగా ప్రకటన చేశారు, 1979లో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి ఇలాంటి సంభాషణలకి మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే మన విశాఖకి ఇది అంతకంటే పాత సంగతే. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ గార్లు తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతోనే సువార్తల అనువాదం సాగించారు. హార్బర్ దగ్గర చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ పక్కపక్కనే ఉన్నాయి, ఏ కొండ ఎక్కేవాళ్ళని చూసినా అందరూ ఒకే మతం వాళ్ళు కాదు.

ఇక లెక్క. స్లాబ్, రెండు పిల్లర్లు, వైరింగ్, ఫ్యాన్లు కలిపి అంచనా 4,20,000 రూపాయలు. చేతిలో 1,35,000 ఉంది. సెంట్రింగ్ సామాను అద్దె లేకుండా ఇస్తానని మన వీధి ముస్లిం మేస్త్రీ మాటిచ్చాడు. పని పూర్తయ్యేదాకా తమ మండపంలో కూర్చోమని గుడి కమిటీ వాళ్ళు పిలిచారు. చందా పుస్తకం మాత్రం వాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళకూడదనుకున్నాం. పిలుస్తున్నది మనం, కప్పు ఖర్చు మనమే పెట్టుకోవాలి.

సిమెంటు బస్తా ఒకటైనా సరే, ఫ్యాన్ ఒకటైనా సరే, మీకు వీలైనంత ఇవ్వండి. ఆదివారం ఆరాధన తర్వాత ట్రెజరర్ గారికి ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి, ఖర్చుల లెక్క ప్రతి నెలా నోటీసు బోర్డులో పెడతాం. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే అనుమతి మనకి లేదు, వాళ్ళు దయచేసి పంపకండి. వానలు మొదలయ్యేలోపు స్లాబ్ పడాలి, అందుకని ఏప్రిల్ నెలాఖరులోపు ఇస్తే మేస్త్రీకి తేదీ చెప్పగలుగుతాం.

ఇట్లు,
సంఘ కమిటీ