శాలువాలు సరే, మేనేజర్లేరి?

సంపాదకులకు నమస్కారం.

మన కళాబృందం ఏదైనా విదేశాలకు వెళ్తే పత్రికల్లో రెండు ఫొటోలు వస్తాయి. బయలుదేరే ముందు దండలతో ఒకటి, తిరిగొచ్చాక శాలువాలతో ఒకటి. ఆ తర్వాత ఆ బృందం సంగతి ఏమైందో ఎవరూ రాయరు. నేను ధర్మవరం వాడిని. మాకు దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుల్లో పరాయి దేశాలు చూసొచ్చినవాళ్లున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా అక్కడ చాలా కుటుంబాలకు ఇప్పుడు తిండి పెట్టేది బొమ్మలాట కాదు. అదే తోలు మీద ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. పనితనం తగ్గలేదు. పిలిచేవాళ్లు బొత్తిగా లేరనీ కాదు. ఒకసారి పిలిచినవాళ్లతో సంబంధం నిలుపుకుని మళ్లీ పిలుపు తెచ్చుకునే మనిషి బృందంలో లేడు. ఇంత పెద్ద కళాసంపద ఉన్న రెండు రాష్ట్రాలు ఈ చిన్న ఏర్పాటు ఎందుకు చేయలేకపోతున్నాయన్నదే నా బాధ.

విదేశీ ఉత్సవాలు నడిపేవాళ్లు ఏడాది, ఏడాదిన్నర ముందే కార్యక్రమాలు ఖాయం చేసుకుంటారు. వాళ్లకు ముందుగా కావాల్సింది మంచి వెలుతురులో తీసిన చిన్న వీడియో, ప్రదర్శన ఎంతసేపో, ఎంతమంది వస్తారో చెప్పే కాగితం. స్టేజి ఎంత వెడల్పుండాలి, తెర ఎక్కడ కట్టాలి, ఎన్ని దీపాలు కావాలి అన్నీ రాసిన మరో కాగితం కావాలి. దాన్ని టెక్నికల్ రైడర్ అంటారు. ఈమెయిల్ వస్తే రెండు మూడు రోజుల్లో జవాబివ్వాలి. ఇవేవీ కళతో పోలిస్తే పెద్ద పనులు కావు, కానీ ఇవి లేకపోతే కళ అక్కడిదాకా వెళ్లదు. మన దగ్గర వీటిని ఎక్కువగా మధ్యవర్తులు చేస్తారు. ఉత్సవం వాళ్ల ఫోన్ నంబరు, ఒప్పందం కాగితం అన్నీ మధ్యవర్తి దగ్గరే ఉండిపోతాయి. ఎంత ఫీజు మాట్లాడుకున్నారో ఆడినవాళ్లకే తెలియదు. వచ్చే ఏడు ఆ ఉత్సవం వాళ్లకు వేరే బృందం కావాలంటే మధ్యవర్తి వేరే బృందాన్ని తీసుకెళ్తాడు, అంతే.

సురభినే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబం అది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 2013లో వాళ్లు ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరానికి వెళ్లి, తెలుగు ఒక్క ముక్క రాని ప్రేక్షకుల ముందు నాటకాలాడారు. అదే ఏడాది ఆ బృందాన్ని నడిపిన నాగేశ్వరరావు గారికి (అందరికీ బాబ్జీ గారు) పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్లిపోయారు. సురభిలో వేషం కట్టేది, తెరలు లాగేది, దీపాలు చూసేది, టికెట్లు అమ్మేది అందరూ ఇంటివాళ్లే. ప్రపంచంలో ఏ థియేటర్ వాళ్లకు చెప్పినా ఆశ్చర్యపోయే విషయం ఇది. కానీ అదే మనిషి పగలు విదేశీ ఉత్తరాలకు జవాబులు రాసి, సాయంత్రం ఘటోత్కచుడి వేషం వేయాలంటే ఎన్నాళ్లు సాగుతుంది? 1990లలో ప్రసిద్ధ నాటక దర్శకులు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లతో కలిసి కొత్త నాటకాలు చేయించారు. నటనకు అలాంటి గురువు దొరికినట్టు నిర్వహణకు కూడా ఒకరు దొరికి ఉంటే మెట్జ్ ప్రయాణం ఒక జ్ఞాపకంగా కాక ఒక దారిగా మిగిలేది.

కాగితాల పని ఎంతుంటుందో పాఠకులకు తెలియాలి, ఎందుకంటే బృందాలు ఎక్కువగా కూలబడేది ఇక్కడే. అమెరికాకు జానపద, సంప్రదాయ కళాకారులు వెళ్లాలంటే పీ-3 అనే వీసా ఉంది. దానికి కళాకారుడు సొంతంగా దరఖాస్తు చేయలేడు, అక్కడి సంస్థ చేయాలి. ఆ కళకు తనదైన సంప్రదాయం ఉందని నిపుణుల లేఖలు జతచేయాలి, అక్కడి కళాకారుల సంఘం అభిప్రాయం తెప్పించాలి. 2024 నుంచి ఒక దరఖాస్తులో 25 మందికి మించి పేర్లు పెట్టడానికి వీల్లేదు, రుసుము కూడా పెరిగింది. సురభి లాంటి పెద్ద బృందమైతే రెండు దరఖాస్తులు, రెండు ఖర్చులు. ఫీజు చేతికిచ్చేముందు సాధారణంగా 30 శాతం పన్ను పట్టుకుంటారు. ఖర్చులు చూపించి అక్కడి పన్నుల శాఖతో ముందే ఒప్పందం చేసుకుంటే ఆ కోత తగ్గించుకోవచ్చు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక మన కళాకారులు సగం దారిలో దిగాలు పడతారు.

సామాను సంగతి వేరు. తెరలు, నగలు, వాద్యాలు తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంటుంది. మన దేశంలో దాన్ని ఫిక్కీ అనే వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఇస్తుంది. ప్రతి వస్తువూ జాబితాలో రాయాలి, హామీ కట్టాలి. పత్రం ఉంటే వెళ్లిన దేశంలో సుంకం కట్టనక్కర్లేదు. తోలుబొమ్మల విషయంలో ఇంకో చిక్కుంది. ఇప్పటి బొమ్మలు మేకతోలువి, పెద్దగా ఇబ్బంది రాదు. పెట్టెలో తాతల నాటి జింకతోలు బొమ్మ ఒక్కటి ఉన్నా వన్యప్రాణి చట్టాలు అడ్డొస్తాయి. ఇళ్లలో దేవుడి బొమ్మలుగా దాచుకున్నవి అవి. ఏవి వెంట తీసుకెళ్లొచ్చో, ఏవి ఇంట్లో ఉంచాలో ప్రయాణానికి ముందే ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా.

ఇక ప్రచారం. మన బ్రోషర్ ఏది తీసినా మొదటి వాక్యం “అంతరించిపోతున్న ప్రాచీన కళ” అనే. జాలి మీద ఒకసారి పిలుస్తారేమో, టికెట్ కొని రెండోసారి రారు. దేశంలోని తోలుబొమ్మల్లో మనవి చాలా పెద్దవి. మనిషంత ఎత్తు బొమ్మలు, దీపం వెలుగు తోలులోంచి దిగి ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెర మీద వెలిగిపోతాయి. రామాయణం నడుస్తూ ఉంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి ఊళ్లో పెద్దలను సైతం వదలకుండా ఆటపట్టిస్తారు. ఇది రాయండి బ్రోషర్‌లో. రాత్రంతా ఆడే ఆటను గంటకు కుదిస్తే కళ చచ్చిపోతుందని కొందరు పెద్దలంటారు. ఆ భయం న్యాయమైనదే. అయితే ఏ ఘట్టం ఉంచాలో, ఏది తీసేయాలో బృందమే తేల్చుకోవాలి, పిలిచినవాళ్లు కాదు. ఆ మాట గట్టిగా చెప్పి ఒప్పందంలో రాయించడానికే మేనేజర్ కావాలంటున్నాను.

విదేశాల్లో తెలుగు సంఘాలున్నాయిగా అంటారు. వాళ్ల అభిమానాన్ని తక్కువ చేయను. ఎంతోమంది కూచిపూడి గురువులకు అక్కడ ఇంటిమనుషుల్లాంటి ఆదరణ దొరికింది. 2010లో హైదరాబాద్‌లో 2,800 మందికి పైగా కూచిపూడి నర్తకులు ఒకేచోట ఆడి గిన్నిస్ రికార్డు సాధించారంటే దాని వెనక ప్రవాసాంధ్రుల పట్టుదల ఉంది. కానీ పెద్ద సభల్లో సినిమా వాళ్ల కార్యక్రమం మొదలయ్యేలోపు దొరికే పదిహేను నిమిషాలు ఒక బృందాన్ని బతికించవు. అక్కడి విశ్వవిద్యాలయాల థియేటర్లలో, నగర ఉత్సవాల్లో టికెట్ కొని వచ్చే మామూలు ప్రేక్షకులను చేరుకోవాలి. బెంగళూరు దగ్గర 1990లో మొదలైన నృత్యగ్రామ్ ఒడిస్సీ బృందం న్యూయార్క్‌లోని జాయిస్ థియేటర్‌లో ఆడింది, అదీ ఒక్కసారితో ఆగిపోలేదు. నర్తకులు నాట్యం చూసుకుంటుంటే నిర్వహణ చూసుకునేవాళ్లు ఆ సంస్థలో వేరే ఉన్నారు.

దక్షిణ కొరియా ఈ పని ప్రభుత్వం తరఫునే చేసింది. 2005 నుంచి సియోల్‌లో ప్రదర్శన కళల సంత జరుపుతోంది. విదేశీ ఉత్సవాల వాళ్లను పిలిచి తమ బృందాలను చూపిస్తుంది. 2006లో కళల నిర్వహణ కోసం విడిగా ఒక సంస్థ పెట్టింది. మనకు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంబంధాల మండలి ఐసీసీఆర్ 1950 నుంచి ఉంది, బృందాలను పంపుతోంది, అది మంచిదే. అయితే అది దౌత్యానికి సంబంధించిన పని. కళాకారుడి తరఫున బేరమాడి, ఏటేటా ప్రదర్శనలు తేవడం దాని బాధ్యత కాదు.

రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకూ నా విన్నపం ఒక్కటే. కొత్త అకాడమీలు, కొత్త భవనాలు వద్దు. నలుగురైదుగురితో చిన్న కార్యాలయం చాలు. వీసా, పన్ను, ఒప్పందాలు తెలిసినవాళ్లు ఒకరిద్దరు, వీడియోలు, రాతపని చూసేవాళ్లు ఒకరిద్దరు, ఉత్సవాల వాళ్లతో ఏడాది పొడవునా మాట్లాడేవాళ్లు ఒకరు. ఒప్పందం బృందం పేరునే ఉండాలి, కాపీ వాళ్ల చేతికివ్వాలి. ప్రదర్శనను రికార్డు చేసి అమ్మే హక్కు ఎవరిదో కూడా అందులో తేల్చాలి. నాట్యం, నాటకం నేర్పే మన విశ్వవిద్యాలయాలు కళానిర్వహణలో డిప్లొమా పెట్టాలి. దానిలో సీట్లు ముందుగా సురభి, కూచిపూడి, తోలుబొమ్మల కుటుంబాల పిల్లలకివ్వాలి. వాళ్లలో డిగ్రీ చదివి, ఇంట్లో పనిలేదని బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో చిన్న జీతాలకు చేరుతున్నవాళ్లున్నారు. కళ తెలిసి, ఇంగ్లీషు వచ్చి, ఇంటివాళ్లకు మోసం చేయని మేనేజర్లు మనకు ఇంతకన్నా ఎక్కడ దొరుకుతారు?

ఈ విషయమై రెండు ప్రభుత్వాల అధికారుల నుంచి జవాబు తీసుకుని మీ పత్రికలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బొమ్మలాట అభిమాని,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా