శీనుకి, మిలాన్ నుంచి

మిలాన్,
2025 డిసెంబర్ 2

ఒరేయ్ శీనూ,

ముందు ఒక మాట చెప్పేసి తర్వాత క్షేమసమాచారాలకు వస్తాను. శాన్ సిరో స్టేడియం పైకప్పు దూలాలు ఎరుపురా! మన కాజీపేట యార్డులో హోమ్ సిగ్నల్ ఎలా ఉండేదో అంత ఎరుపు. 35 ఏళ్ళుగా అవి నల్లగా ఉంటాయనే అనుకుంటున్నాను. నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. మనం చూసింది మీ ఇంటి బ్లాక్ అండ్ వైట్ టీవీలో కదా.

1990 జూన్ 8, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదటి ఆట, అర్జెంటీనా, కామెరూన్. మీ నాన్నగారు నైట్ డ్యూటీకి వెళ్ళారు కాబట్టి ఆ రాత్రి టీవీ మన చేతికొచ్చింది. కామెరూన్ ఒమామ్ బియిక్ గాల్లోకి లేచి తలతో కొట్టిన బంతి అర్జెంటీనా గోల్‌కీపర్ పుంపిదో చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. అప్పటికే ఒకణ్ణి రెఫరీ బయటికి పంపేయడంతో కామెరూన్ వాళ్ళు పదిమంది. చివర్లో అర్జెంటీనా కనీజియా ఉరుకుతుంటే కామెరూన్ మాసింగ్ అడ్డంగా వచ్చి గుద్దిన గుద్దుకి మాసింగ్ బూటే ఊడి ఎగిరిపోయింది. అతన్నీ బయటికి పంపేశారు. తొమ్మిదిమందితో గెలిచారు వాళ్ళు. మారడోనా ఓడిపోయాడని మర్నాడు పొద్దున నువ్వు టిఫిన్ ముట్టలేదు. మీ అమ్మ నన్ను తిట్టింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆ ఆట జరిగిన చోటికే మొన్న శనివారం రాత్రి వెళ్ళొచ్చాను. పెద్దమ్మాయి ఇక్కడ పాలిటెక్నికో యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతోందని నీకు తెలుసు. దాన్ని చూడ్డానికి వస్తే, "నాన్నా, మీకో సర్‌ప్రైజ్" అంటూ నా పాస్‌పోర్టు నంబరు అడిగింది. ఇక్కడ టికెట్ మీద పేరు అచ్చవుతుంది, గేటు దగ్గర ఆ పేరున్న గుర్తింపు కార్డు చూపించాలి. నా ఇంటిపేరుతో సహా శాన్ సిరో టికెట్ మీద చూసుకున్నప్పుడు కళ్ళు చెమర్చాయిరా. ఈ ఊరి క్లబ్ ఏసీ మిలాన్‌కీ, రోమ్ క్లబ్ లాజియోకీ ఆట. రాత్రి 8.45కి. మీకు అప్పుడు ఒంటిగంటా పావు. నువ్వు నిద్రలో ఉంటావని తెలిసీ రెండుసార్లు ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

మెట్రో ఊదారంగు లైనులో వెళ్ళాం. దానికి డ్రైవరు ఉండడు. రైల్వే వాళ్ళ పిల్లలం కదా, ముందు అద్దం దగ్గరే నిలబడి సొరంగం చూస్తూ పోయాను. పైకి వచ్చేసరికి పొగమంచులో ఎదురుగా అది. ఏమని చెప్పను? చుట్టూ 11 గుండ్రని కాంక్రీటు టవర్లు, వాటిలో మూలల నాలుగింటి మీద ఆ ఎర్ర దూలాలు పడుకుని ఉన్నాయి. అంత బరువును ఆకాశంలో అలా మోస్తుంటే కింద నిలబడ్డ మనిషికి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. బయట బళ్ళ మీద పంది మాంసం సాసేజీలు కాల్చి రొట్టెలో పెట్టి అమ్ముతున్నారు. సలమెల్లా అంటారు. ఆ పొగ, ఆ వాసన, చలి, అరుపులు అన్నీ కలిసి మన జాతర గుర్తొచ్చింది. గేటు దగ్గర మా నీళ్ళ సీసా మూత తీసి పడేసి సీసా మాత్రం ఇచ్చారు. మూత ఉన్న సీసా విసిరితే దెబ్బ తగులుతుందట.

మా సీట్లు అన్నిటికన్నా పైన, మూడో అంతస్తులో. 1990 వరల్డ్ కప్ కోసమే కట్టిన అంతస్తు అది. టవర్ చుట్టూ తిరిగే ర్యాంపు మీద ఎక్కాలి, నా మోకాళ్ళు మూడుసార్లు ఆగమన్నాయి. చివరి మెట్టు ఎక్కి లోపలికి తిరిగేసరికి కాళ్ళ కిందే బావిలా పచ్చటి మైదానం. ఎంత నిటారుగా ఉందంటే, ముందు వరసలో కూర్చున్నతని టోపీ నా బూట్ల ఎత్తులో ఉంది. టీవీలో మైదానం ఎప్పుడూ పడుకుని ఉంటుంది, ఇక్కడ నిలబడి కనిపించింది.

మిలాన్ ఆటగాళ్ళ పేర్లు చదివేటప్పుడు మైకులో మొదటి పేరే చెబుతారు, మిగతాది జనం అరవాలి. మైకు "రఫాయేల్" అనగానే వేల గొంతులు "లెయావ్" అన్నాయి. "లూకా" అన్నప్పుడు నేనూ అరిచాను, "మోద్రిచ్!" అని. నలభై ఏళ్ళవాడు మధ్యలో నిలబడి ఒక్క చూపుతో బంతి ఎటు పోవాలో తేలుస్తున్నాడు. కుర్రాళ్ళు ఉరుకుతున్నారు, ఇతను నడుస్తున్నాడు, బంతి మాత్రం ఇతన్ని అడిగే వెళ్తోంది.

నీకొక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆ రోజు టీవీలో మారడోనాకి బంతి అందినప్పుడల్లా ఈలలే ఈలలు, గుర్తుందా? మన హాల్లో హీరో తెర మీదికి రాగానే వేసే ఈలల్లాంటివే అనుకుని మనమూ వేశాం. కాదట! ఇక్కడ ఈల వేశారంటే ఛీ కొట్టినట్టు. లాజియో వాళ్ళకి బంతి దొరికినప్పుడు చెవులు చిల్లులు పడేలా వేస్తుంటే అమ్మాయి చెప్పింది. ఆ ఏడాది మారడోనా ఆడిన నాపోలి క్లబ్, మిలాన్ కన్నా రెండే రెండు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని ఇటలీ లీగ్ గెలిచింది. ఆ మంట చల్లారకముందే అతను వీళ్ళ ఊరికి వచ్చి ఆడాడు. మనం ఇద్దరం మీ ఇంటి గచ్చు మీద కూర్చుని ఆయన్ని ప్రేమగా ఛీ కొట్టామన్నమాట.

ఆట మొదటి సగం చప్పగా సాగింది. రెండో సగం మొదలైన కాసేపటికి కుడివైపు నుంచి తోమోరి వేసిన బంతిని లెయావ్ లోపలికి నెట్టాడు. శీనూ, నా చెవులకన్నా ముందు నా పాదాలకు తెలిసింది. మూడో అంతస్తు కాంక్రీటు కదిలింది. అబద్ధం కాదు, బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేటప్పుడు అరికాళ్ళకు తెలుస్తుందే, అలా. పక్కనున్న ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. ఆయనకి నేనెవరో తెలియదు, నాకు ఆయన భాష రాదు.

చివర్లో ఇంజురీ టైంలో బంతి మిలాన్ డిఫెండర్ చేతికి తగిలిందని గొడవ. రెఫరీ వీడియో మళ్ళీ చూడ్డానికి మైదానం పక్కనున్న తెర దగ్గరికి వెళ్ళాడు. ఆ టెన్షన్ నేను చెప్పలేను. అప్పటిదాకా గోల పెట్టిన జనం, ఒక్కొక్కరూ దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెనాల్టీ ఇవ్వలేదు. 1-0. మనం చూసిన రోజు ఏ స్కోరో, అదే.

ముసలాయనతో అమ్మాయి ఇటాలియన్‌లో మాట్లాడింది. 1990లో ఆ ఆట చూశారా అని అడిగించాను. టికెట్ దొరకలేదు, ఇంట్లో టీవీలో చూశానన్నాడు. ఇంత దగ్గర ఉండి! అప్పుడు ఆయన మీద నాకు చెప్పలేనంత ఆప్యాయత కలిగింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ స్టేడియాన్ని కూల్చేస్తారట. 1926లో, అప్పటి మిలాన్ క్లబ్ అధ్యక్షుడు పియెరో పిరెల్లి కట్టించాడు. మొదటి ఆటలో ఇదే ఊరి ఇంకో క్లబ్ ఇంటర్ చేతిలో మిలాన్ 6-3తో ఓడింది. తర్వాత 1947 నుంచి ఆ ఇంటర్ కూడా ఇక్కడే ఆడుతోంది. ఒకే ఇంట్లో ఇద్దరు శత్రువులు! 1980లో ఇద్దరి తరఫునా ఆడిన జుసెప్పె మెయాజ్జా పేరు పెట్టారు కానీ, జనం నోట శాన్ సిరో అనే ఈ పేట పేరే మిగిలింది. వచ్చే సెప్టెంబరుకి నూరేళ్ళు నిండుతాయి. మొన్న నవంబర్ 5న నగరపాలిక దీన్ని రెండు క్లబ్బులకూ అమ్మేసింది. రెండో అంతస్తుకి 10వ తేదీతో 70 ఏళ్ళు నిండితే పురాతన కట్టడంగా చట్టం అడ్డొస్తుందని, అయిదు రోజుల ముందే సంతకాలు చేశారు. పక్కనే కొత్తది కడతారు, అది లేచాక పాతదాంట్లో ఏదో కొంచెం ముక్క ఉంచుతారట. ఫిబ్రవరి 6న వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మాత్రం ఇక్కడే.

కొత్తది వద్దని నేననను. నీళ్ళు కారే బాత్‌రూములు, కాళ్ళు చాపుకోలేని సీట్లు నేనూ చూశాను. కానీ కూల్చడం ఎందుకురా? కొత్తది కట్టిన రోజున దానికి ఒక్క జ్ఞాపకమూ ఉండదు. ఆ ముసలాయన్ని ఇదే అడిగితే జవాబు చెప్పలేదు. వెళ్ళేముందు, కూర్చున్న మెట్టు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, ఎద్దు మూపురం తట్టినట్టు.

అందుకే చెబుతున్నాను, నీ పాస్‌పోర్టు రెన్యూవల్‌కి ఇవ్వు. కొత్తది లేచేదాకా ఆటలు ఇందులోనే. అమ్మాయి చదువు ఇంకో ఏడాదిన్నర ఉంది, ఇల్లు ఉంది, వంట నేను చేస్తాను. చెల్లెమ్మను కూడా తీసుకురా.

ఎరుపు నలుపు చారల మఫ్లర్లు రెండు కొన్నాను, ఒకటి నీకు. మారడోనాని ఛీ కొట్టిన వాళ్ళ మఫ్లర్ అని అలగకు, ఆ రోజు మనమూ కొట్టాం. 20న బయల్దేరుతున్నాను. కాజీపేటలో దిగగానే ముందు మీ ఇంటికే వస్తాను. మీ అమ్మ కుర్చీలో కూర్చోగలుగుతోందా? నన్నెందుకు తిట్టిందో ఈసారి అడగాలి.

నీ
రాజు