తొట్లకొండపై సాధన మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖ తీరంలోని తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా పర్యాటకం చుట్టూనే తిరుగుతోంది తప్ప, రెండు వేల ఏళ్ల కిందట అక్కడి విహారాల్లో భిక్షువులు దేనికోసం జీవించారన్నది ఎవరికీ పట్టడం లేదు.

గతాన్ని తవ్వుకోక, రాని దానికి ఆశపడక, ఇప్పుడు కలుగుతున్నదాన్ని ఇప్పుడే స్పష్టంగా చూడమని బుద్ధుని ప్రసంగాల సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని భద్దేకరత్త సుత్తం బోధిస్తుంది. అలా చూసినప్పుడు ఏ వస్తువూ ఒంటరిగా కనబడదు. తొట్లకొండపై రాతిలో తొలిచిన తొట్లలో నిలిచిన వాన నీరు అంతకుముందు మేఘం, దానికి ముందు సముద్రం. ఆ నీరు తాగిన భిక్షువు దేహంలోనూ అదే ప్రవహించింది. దీన్ని కొందరు ఉపన్యాసకులు ‘అంతా ఒకే ఆత్మ’ అని వివరిస్తున్నారు. అది బౌద్ధం కాదని గట్టిగా చెప్పవలసి ఉంది. బుద్ధుడు చెప్పింది ప్రతీత్యసముత్పాదం: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. ఆంధ్రదేశంతో అనుబంధమున్న ఆచార్య నాగార్జునుడు శూన్యత అన్నది ఈ పరస్పరాధారాన్నే. విడిగా నిలబడే ‘నేను’ లేదని తెలిసినవాడికి ఎదుటివాడి బాధ పరాయిది కాదు. కరుణకు ఇంతకంటే బలమైన పునాది నాకు కనబడలేదు.

పురావస్తు శాఖవారు ఈ ఆలోచనను సులభమైన తెలుగులో వివరించే ఫలకాలు అక్కడ పెట్టాలనీ, ఉదయం కొంతసేపు మౌనంగా కూర్చోదలచినవారికి చైత్యగృహం (ప్రార్థనా మందిరం) పరిసరాల్లో వీలు కల్పించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం